కొత్త సీటు, కొత్త విమానం ఒకేసారి ఇస్తున్నప్పుడు
(దేశంలో పౌర విమానయానాన్ని నియంత్రించే డీజీసీఏకు, విమానయాన సంస్థల శిక్షణ విభాగాలకు బహిరంగ లేఖ)

గౌరవనీయులైన డీజీసీఏ ఫ్లైట్ స్టాండర్డ్స్ అధికారులకు, విమానయాన సంస్థల శిక్షణ విభాగాల అధిపతులకు, రోస్టర్లు వేసే మిత్రులకు,

నమస్కారం.

నేను హైదరాబాద్ బేస్‌లో ఏటీఆర్ (ప్రొపెల్లర్లతో నడిచే చిన్న టర్బోప్రాప్ విమానం) నడిపే కెప్టెన్‌ని. కొత్తగా వచ్చేవాళ్లకు లైన్ ట్రైనింగ్, అంటే మామూలు సర్వీసులు నడుపుతూ నేర్పే శిక్షణ, ఇస్తాను. అంతకు ముందు ఎయిర్‌బస్ ఎ320లో ఫస్ట్ ఆఫీసర్‌గా పనిచేశాను. కాక్‌పిట్‌లో ఎడమ సీటు కెప్టెన్‌ది, కుడి సీటు ఆయనకు తోడుండే ఫస్ట్ ఆఫీసర్‌ది. అంటే జెట్‌లో కుడి సీటు నుంచి లేచి, టర్బోప్రాప్‌లో ఎడమ సీట్లోకి వచ్చినవాణ్ణి. ఇప్పుడు అదే దారిలో వస్తున్న కుర్రవాళ్లు, అమ్మాయిలు ఎడమ పక్కన కూర్చుంటే నేను కుడి పక్కన కూర్చుంటున్నాను. వాళ్ల చేతులు ఎక్కడ తడబడతాయో, వాళ్ల ఆలోచన ఎక్కడ ఆగిపోతుందో దగ్గరనుంచి చూస్తున్నాను. అందుకే ఈ ఉత్తరం.

నా విన్నపం ఒకటే. ఒక పైలట్‌ని మొదటిసారి కెప్టెన్‌ని చేస్తూ, అదే శిక్షణలో అతన్ని కొత్త రకం విమానానికి కూడా మారుస్తున్నప్పుడు ఆ రెండింటినీ ఒక్క శిక్షణగా లెక్కకట్టకండి. వీలైతే ముందు ఆ విమానాన్ని కుడి సీట్లో అలవాటు కానివ్వండి, ఆ తర్వాత కమాండ్ (కెప్టెన్ బాధ్యత) ఇవ్వండి. అది కుదరకపోతే పర్యవేక్షణలో నడిపే సెక్టార్ల (ఒక టేకాఫ్ నుంచి ల్యాండింగ్ దాకా ఒక సెక్టార్) సంఖ్య పెంచండి. ఈ పెంపు ట్రైనర్ దయాదాక్షిణ్యాల మీద ఆధారపడకుండా సిలబస్‌లోనే ఉండాలి.

ఈ రంగంతో సంబంధం లేని పాఠకుల కోసం ఒక మాట. విమాన సంస్థల్లో కెప్టెన్ అయ్యే అవకాశం సీనియారిటీ వరుసలో వస్తుంది. పెద్ద జెట్‌ల్లో ఆ వరుస పొడుగ్గా ఉంటుంది. అదే సంస్థలో ఏటీఆర్ వంటి చిన్న విమానాలు ఉంటే అక్కడ ఎడమ సీటు త్వరగా ఖాళీ అవుతుంది. కాబట్టి ఎ320లో ఫస్ట్ ఆఫీసర్‌గా ఉన్నవాళ్లు ఏటీఆర్ కెప్టెన్లుగా వెళ్లడం మన దేశంలో మామూలే. దీనికి ఎదురు దారి కూడా ఉంది: టర్బోప్రాప్‌లో కుడి సీట్లో ఉన్నవాళ్లు జెట్‌లో నేరుగా కమాండ్‌కు వెళ్లడం. రెండూ చట్టబద్ధమే. 1,500 గంటల అనుభవంతో ఏటీపీఎల్ (కెప్టెన్ కావడానికి ఉండాల్సిన) లైసెన్సు ఉండి, టైప్ రేటింగ్ (ఆ రకం విమానం నడిపే అర్హత) పూర్తిచేసి, సిమ్యులేటర్ పరీక్షలు, మామూలు ప్రయాణంలో పెట్టే రూట్ చెక్‌లు నెగ్గితే కెప్టెనే. ఈ దారిలో వచ్చి చక్కగా నడుపుతున్నవాళ్లు ఎంతోమంది ఉన్నారు. నేను ఈ దారిని మూసెయ్యమని అడగడం లేదు.

ఇల్లు కట్టి చూడు, పెళ్లి చేసి చూడు అన్నారు పెద్దలు. ఒక్కొక్కటే మనిషిని నలగ్గొట్టే పని కనుకే విడివిడిగా చెప్పారు. మనం ఆ రెంటికీ ఒకే ముహూర్తం పెట్టి, ఒకదానికి సరిపడే ఖర్చే ఇస్తున్నాం.

ముందు చేతుల సంగతి చెబుతాను. ఎ320 కుడి సీట్లో కూర్చున్నవాడి కుడిచెయ్యి సైడ్‌స్టిక్ మీద, ఎడమచెయ్యి థ్రస్ట్ లీవర్ల మీద ఉంటుంది. ఎడమ సీటుకు మారగానే చేతుల పని తారుమారు అవుతుంది. రకం మారకుండా అప్‌గ్రేడ్ అయ్యేవాడికి ఉండే కొత్తదనం ఇంతే. వేగాలు, మోడ్‌లు, స్విచ్‌లు, చెక్‌లిస్టులు అన్నీ పాతవే. ఏటీఆర్‌కు వచ్చేవాడికి ఇంకా చాలా మారతాయి. సైడ్‌స్టిక్ పోయి కంట్రోల్ కాలమ్ వస్తుంది. ఎ320లో మామూలుగా విమానం తనంతట తాను ట్రిమ్ చేసుకుంటుంది, అంటే ముక్కు పైకీ కిందికీ పోకుండా సర్దుకుంటుంది. ఏటీఆర్‌లో ట్రిమ్ మన చేతి పని. పవర్ మారిన ప్రతిసారీ ముక్కు పక్కకు లాగుతుంది, కాలు రడ్డర్ మీద పనిచేస్తూనే ఉండాలి. ఆటోథ్రస్ట్ లేదు, వేగాన్ని చేత్తో పట్టుకోవాలి. పవర్ లీవర్ల పక్కన ప్రొపెల్లర్లను అదుపుచేసే కండిషన్ లీవర్లు, వాటి దగ్గర్లోనే రెక్కల వెనక పలకల్ని దించే ఫ్లాప్ లీవర్. నేల మీద ముందు చక్రాన్ని తిప్పే టిల్లర్ ఏటీఆర్‌లో ఎడమ వైపు మాత్రమే ఉంటుంది. అంటే కుడి సీట్లో ఎన్నేళ్లు కూర్చున్నా ఆ పని అలవాటు కాదు. ల్యాండ్ అయ్యాక వేగం తగ్గుతుండగా ఏ క్షణంలో చెయ్యి టిల్లర్ మీదికి పోవాలో, కంట్రోల్ కాలమ్‌ను పక్కవాడు ఎప్పుడు పట్టుకోవాలో కండరాలకు తెలియాలి. ఇది పుస్తకం చదివితే వచ్చేది కాదు. సిమ్యులేటర్‌లో కొంత వస్తుంది, మిగిలింది లైన్‌లోనే రావాలి.

లీవర్లు పక్కపక్కన ఉండటం చిన్న విషయంగా అనిపించవచ్చు. 2023 జనవరి 15న నేపాల్‌లోని పోఖరా దగ్గర యతి ఎయిర్‌లైన్స్ ఏటీఆర్ కూలి, అందులోని 72 మందీ చనిపోయారు. ల్యాండింగ్‌కు ముందు ఫ్లాప్ లీవర్ జరపవలసిన చోట రెండు కండిషన్ లీవర్లూ వెనక్కి వచ్చాయి, ప్రొపెల్లర్లు ఫెదర్ అయి (వాటి రెక్కలు గాలికి సమాంతరంగా తిరిగి) ఇంజన్ల బలం విమానానికి అందకుండా పోయింది. ఆ రోజు ఎడమ సీట్లో ఉన్నది ఆ విమానాశ్రయానికి అలవాటు పడటానికి వచ్చిన కెప్టెన్. కుడి సీట్లో ఉన్నది శిక్షణ ఇస్తున్న కెప్టెన్. ఇద్దరూ ఏటీఆర్‌కు కొత్తవాళ్లు కారు. అలాంటివాళ్ల కాక్‌పిట్‌లోనే ఇది జరిగినప్పుడు, ఆ లీవర్లను కొత్తగా పట్టుకుంటున్న మనిషి గురించి మనం ఇంకెంత జాగ్రత్త పడాలి?

ఇక కమాండ్. నా దృష్టిలో కమాండ్ అంటే విమానం నడపగా మిగిలిన బుర్రతో చేసే పని. టెక్ లాగ్‌లో రాసి ఉన్న లోపంతో బయల్దేరవచ్చా అన్న నిర్ణయం, ఇంకో 300 కిలోల ఇంధనం వేయించుకోవాలా అన్న నిర్ణయం, డ్యూటీ సమయం మించిపోతుంటే సిబ్బంది అలసటను చూసి పొడిగించాలా ఆపాలా అన్న నిర్ణయం. వెనక ఒక పెద్దాయనకు ఛాతీ నొప్పి వచ్చిందని క్యాబిన్ నుంచి ఫోన్ వస్తే, ముందున్న ఊరికి వెళ్లాలా వెనక్కి తిరగాలా? ఇవన్నీ వేగాన్ని, ఎత్తును చూసుకుంటూనే తేల్చాలి. విమానం చేతికి అలవాటైనవాడికి బుర్రలో సగం ఖాళీగా ఉంటుంది, ఆ సగంతో కమాండ్ చేస్తాడు. విమానమే కొత్తదైతే ఆ ఖాళీ ఉండదు. పరీక్ష రోజు ఈ తేడా కనిపించదు. ఎందుకంటే పరీక్షలో ఒకసారి ఒక సమస్యే ఇస్తాం, అదీ అతను సిద్ధమై వచ్చిన సమస్య. మూడు సమస్యలు కలిసి వచ్చిన రోజున కనిపిస్తుంది.

మన హైదరాబాద్ నుంచి ఏటీఆర్ నడిపేవాళ్లకు ఆ రోజు వర్షాకాలంలో తరచుగా వస్తుంది. శంషాబాద్ నుంచి విజయవాడ, రాజమండ్రి, తిరుపతి, కడప వంటి దగ్గరి ఊళ్లకు గంట అటూ ఇటూ ప్రయాణం. జెట్ అయితే 30,000 అడుగులు దాటి చాలా వాతావరణాన్ని కింద వదిలేస్తుంది. ఏటీఆర్ గరిష్ఠ ఎత్తే 25,000 అడుగులు, పైగా ఇంత దగ్గరి ప్రయాణాల్లో అంత పైకి వెళ్లే పనే ఉండదు. వర్షాకాలంలో మన ప్రాంతంలో సున్నా డిగ్రీల మట్టం ఇంచుమించు 16,000 – 17,000 అడుగుల దగ్గర ఉంటుంది. మన విమానం తిరిగేదీ దాదాపు అక్కడే. అంటే మేఘంలో ఉంటాం, రెక్కల మీద మంచు పేరుకునే అవకాశం ఉంటుంది, కనీస వేగాలు పెంచుకోవాలి, వాతావరణ రాడార్ చూస్తూ దారి మళ్లాలి. ఇవన్నీ చేస్తుండగానే దిగడం మొదలుపెట్టే సమయం వచ్చేస్తుంది. జెట్ నుంచి వచ్చినవాడికి మంచు అంటే ఇంజన్ యాంటీ ఐస్ స్విచ్ నొక్కి మేఘం దాటి పైకి పోవడం. ఏటీఆర్‌లో అది ప్రయాణం పొడుగునా వెంట ఉండే సంగతి. 1994లో అమెరికాలోని రోజ్‌లాన్ దగ్గర ఒక ఏటీఆర్ 72 మంచు వల్లే అదుపు తప్పి 68 మంది పోయాక, ఈ విమానంలో మంచుకు సంబంధించిన పరికరాలు, పద్ధతులు చాలా మారాయి. ఆ పద్ధతులు ఎందుకు వచ్చాయో తెలిసి పాటించేవాడికీ, కార్డులో ఉందని పాటించేవాడికీ తేడా ఉంటుంది. ఆ తేడా తీరాలంటే కనీసం ఒక వానాకాలం పక్కన పెద్దవాళ్లు ఉండాలి.

కడపకు హైదరాబాద్ విమానం 2017 ఏప్రిల్ 27న ఉడాన్ పథకం కింద మొదలైన తొలి సర్వీసుల్లో ఒకటి. నాందేడ్ కూడా ఆ రోజే. ఈ చిన్న ఊళ్లకు విమానం వచ్చిందంటే అది టర్బోప్రాప్‌ల వల్లే. అందువల్ల టర్బోప్రాప్ కెప్టెన్ శిక్షణ పెద్ద జెట్‌కు వెళ్లే మధ్యలో తొక్కిపోయే మెట్టుగా మిగలకూడదు. కడప నుంచి ఆస్పత్రి పని మీద హైదరాబాద్ వచ్చే ముసలమ్మకు, దిల్లీ నుంచి వచ్చే కంపెనీ అధికారికి దక్కాల్సిన కెప్టెన్ ఒకే స్థాయివాడై ఉండాలి.

చరిత్రలో రెండు ప్రమాదాలు నా మనసును వదలవు. రెండూ నేను చెబుతున్న పరిస్థితికి అచ్చంగా సరిపోవని ముందే చెబుతున్నాను. కానీ అందులో మనకు పనికివచ్చేది చాలా ఉంది.

మొదటిది మన దేశానిదే. 1990 ఫిబ్రవరి 14న బొంబాయి నుంచి బయల్దేరిన ఇండియన్ ఎయిర్‌లైన్స్ ఎ320, బెంగళూరులో రన్‌వే అందుకోకుండానే కూలింది. 146 మందిలో 92 మంది చనిపోయారు. ఎ320 మన దేశానికి అప్పటికి కొత్త. ఎడమ సీట్లో ఉన్న పైలట్ ఆ విమానం మీద కమాండ్ కోసం రూట్ చెక్ ఇస్తున్నారు, కుడి సీట్లో చెక్ పైలట్. ఎడమ సీటాయన వేరే విమానాల మీద అనుభవం ఉన్న కెప్టెనే. కొత్త ఆటోమేషన్ ఓపెన్ డిసెంట్ అనే మోడ్‌లో ఉండిపోయి, ఇంజన్లు ఐడిల్‌లోనే (అతి తక్కువ పవర్‌లోనే) ఉన్నాయి. వేగం పడిపోతున్నదన్న సంగతి ఇద్దరికీ ఆలస్యంగా తెలిసింది. ఆ సంస్థ పైలట్లకు శిక్షణ ఇచ్చిన సెంట్రల్ ట్రైనింగ్ ఎస్టాబ్లిష్‌మెంట్ మన హైదరాబాద్‌లోనే ఉంది. ఈ ఊళ్లో తరతరాల పైలట్లు సిమ్యులేటర్ ఎక్కారు. ఆ ప్రమాదం గురించి మనకంటే బాగా గుర్తుంచుకోవలసినవాళ్లు ఎవరుంటారు?

రెండోది తైపేలో, 2015 ఫిబ్రవరి 4న. ట్రాన్స్‌ఏషియా ఏటీఆర్ 72-600 సాంగ్‌షాన్ విమానాశ్రయం నుంచి లేచిన వెంటనే, ఒక లోపం వల్ల కుడి ఇంజన్ ప్రొపెల్లర్ తనంతట తాను ఫెదర్ అయింది. కెప్టెన్ బాగా పనిచేస్తున్న ఎడమ ఇంజన్ పవర్ లీవర్‌ని వెనక్కి లాగారు. తప్పు ఇంజన్ లాగానని ఆయన గ్రహించేసరికి ఎత్తు మిగల్లేదు. 58 మందిలో 43 మంది పోయారు. ఆ కెప్టెన్ చరిత్రను దర్యాప్తు బృందం వివరంగా రాసింది. అప్‌గ్రేడ్ సిమ్యులేటర్ పరీక్షలో మొదటిసారి నెగ్గలేదు, రెండోసారి నెగ్గారు. 2014 ఆగస్టులో ఏటీఆర్ 72-500 కెప్టెన్ అయ్యారు. అదే ఏడాది నవంబరులో 72-600కు మారారు. టేకాఫ్‌లో ఇంజన్ పోయే పరిస్థితిలో తటపటాయిస్తున్నారని శిక్షకులు కాగితం మీద రాసి ఉంచారు. అంటే వ్యవస్థకు తెలుసు. తెలిసినా ఆపే గడి సిలబస్‌లో లేదు. 500 నుంచి 600కు మారడం ఒకే కుటుంబంలోని మార్పు. జెట్ నుంచి టర్బోప్రాప్‌కు మారడంతో పోలిస్తే చాలా చిన్నది. ఎడమ సీటు కొత్త, దాని వెంటనే కాక్‌పిట్ కూడా కొత్త. ఈ రెండూ దగ్గరదగ్గరగా వచ్చిన మనిషికి అదనంగా ఏం ఇవ్వాలన్న ప్రశ్నకు ఆ ప్రమాదం ముందు ఆ సంస్థలో ఎవరూ జవాబు రాసిపెట్టుకోలేదు.

బయటి దేశాల్లో దీన్ని కొంతవరకు ఆలోచించారు. ఐరోపా మార్గదర్శకాల్లో, ఫస్ట్ ఆఫీసర్ తాను నడుపుతున్న రకంలోనే కెప్టెన్ అవుతుంటే పర్యవేక్షణలో కనీసం 10 సెక్టార్లు, రకం మారుతూ కెప్టెన్ అవుతుంటే కనీసం 20. నేరుగా రెట్టింపు. నా అనుభవంలో ఆ 20 కూడా సరిపోవు. కానీ రెండూ వేర్వేరు భారాలని ఒప్పుకున్నారు కదా, అదే నాకు కావలసింది. అమెరికాలో ఆ రకం మీద 100 గంటలు కూడా కెప్టెన్‌గా చేయనివాళ్లకు ల్యాండింగ్ కనీస పరిమితులు (రన్‌వే కనబడకుండా ఎంత ఎత్తు దాకా దిగవచ్చు, ఎంత దూరం కనిపించాలి అన్నవి) 100 అడుగులు, అర మైలు పెరుగుతాయి. ఆ రకం మీద ఇద్దరూ కొత్తవాళ్లయితే కలిసి ఎగరకుండా ఆపే నిబంధన కూడా ఉంది: కాక్‌పిట్‌లో కనీసం ఒకరికి ఆ రకం మీద 75 గంటలు ఉండాలి. 2020లో కెప్టెన్లయ్యేవాళ్లకు నాయకత్వ శిక్షణను తప్పనిసరి చేస్తూ మరో నిబంధన తెచ్చారు.

కొత్తవాళ్ల జత గురించి రోస్టర్ మిత్రులతో ఇంకాస్త మాట్లాడాలి. జెట్ నుంచి వచ్చిన కొత్త కెప్టెన్ పక్కన, 200 గంటల అనుభవంతో వచ్చే కమర్షియల్ లైసెన్సు సీపీఎల్‌తో చేరి నిన్నగాక మొన్న లైన్‌లోకి వచ్చిన ఫస్ట్ ఆఫీసర్‌ని వేస్తే ఆ విమానంలో ఏటీఆర్ తెలిసిన మనిషి ఎవరూ లేనట్టే. కాగితం మీద ఇద్దరికీ అర్హత ఉంటుంది. ఆ పిల్లవాడు కెప్టెన్ తప్పును చూసి "సార్, గో-అరౌండ్" (దిగడం ఆపి మళ్లీ పైకి లేపండి) అనగలడా? కెప్టెన్‌కే విమానం కొత్త అని తెలిసినా అనలేడు, మన ఇళ్లల్లో పెద్దవాళ్ల మాటకు ఎదురు చెప్పకుండా పెరిగినవాడు. ఇది అతని లోపం కాదు. అలాంటి జత పడకుండా సాఫ్ట్‌వేర్‌లోనే అడ్డుకట్ట వేయండి. రాత్రి పది గంటలకు ఒకరికి ఒంట్లో బాగాలేక సెలవు పెడితే స్టాండ్‌బై నుంచి తీసే పేరు విషయంలో కూడా ఆ అడ్డుకట్ట ఉండాలి. జతలు చెడేది ఎక్కువగా అలాంటి రాత్రే.

సంస్థల ఇబ్బంది నాకు తెలియనిది కాదు. విశ్రాంతి నిబంధనలు మారాయి, వారపు విశ్రాంతి 36 గంటల నుంచి 48 గంటలైంది, రాత్రి ల్యాండింగ్‌ల మీద హద్దు వచ్చింది. పైలట్లుగా మేం కోరుకున్నవే ఇవి. 2025 డిసెంబరులో దేశంలోని అతిపెద్ద విమాన సంస్థ సిబ్బంది చాలక పెద్ద సంఖ్యలో విమానాలు రద్దు చేసుకున్నప్పుడు శంషాబాద్‌లో జనం నేల మీద పడుకోవడం అందరం చూశాం. అలాంటి రోజు మళ్లీ రాకూడదంటే ఎక్కువమంది కెప్టెన్లు కావాలి. నిజమే. కానీ కెప్టెన్ల కొరతను తొందరతో తీర్చాలనుకుంటే, అలసట నుంచి కాపాడటానికి పెట్టిన నిబంధన అనుభవం తగ్గడానికి దారి తీస్తుంది.

ఇంకొక విషయం, దీని గురించి మా వాళ్లు బయటికి మాట్లాడరు. "నాకు ఇంకొంచెం సమయం కావాలి" అనే హక్కు మా దగ్గర కాగితం మీద కూడా లేదు. ఒక సంస్థలో నాకు తెలిసిన ఒకమ్మాయికి కమాండ్ అవకాశం వచ్చింది. రకం మారాలి. ముందు ఆరు నెలలు కుడి సీట్లో ఏటీఆర్ నడిపి తర్వాత వస్తానని అడిగింది. ఇప్పుడు వదులుకుంటే వరుసలో వెనక్కి వెళ్తావని చెప్పారు. చాలా తెలివైన పిల్ల, తన హద్దు తనకు తెలిసిన పిల్ల. నేను కెప్టెన్‌లో వెతికే మొదటి గుణం అదే. దానికే శిక్ష పడింది. మన తెలుగు ఇళ్లలో పైలట్ చదువు కోసం పొలం తాకట్టు పెట్టినవాళ్లున్నారు, ఉన్న ఒక్క ఫ్లాట్ మీద అప్పు తెచ్చినవాళ్లున్నారు. కెప్టెన్ జీతం వస్తేనే ఆ అప్పు తీరుతుంది. అలాంటి ఇంటి నుంచి వచ్చినవాళ్లు "ఇంకా సిద్ధంగా లేను" అని ఎలా అంటారు? అనలేరని తెలిసి కూడా "వాళ్లే ఒప్పుకున్నారు కదా" అనడం న్యాయం కాదు.

నేను మారినప్పుడు నాకు దొరికిన అదృష్టం ఒక్కటే. నా ట్రైనర్ తొందరపడలేదు. పాస్ మార్కు వచ్చాక కూడా ఇంకొన్ని సెక్టార్లు తనతో వేయించుకున్నారు. అందులో ఎదురుగాలి, పక్కగాలి, రాత్రి, వాన అన్నీ వచ్చేలా రోస్టర్ వాళ్లతో ఫోన్ మీద మాట్లాడి మరీ చూసుకున్నారు. నేను నిర్ణయం చెప్పేదాకా నోరు విప్పేవారు కాదు, మౌనంగా కూర్చోవడం ఆయనకు ఎంత కష్టమో ముఖంలో తెలిసేది. అది ఆయన మంచితనం. నా తర్వాత వచ్చినవాళ్లకు అలాంటి ట్రైనర్ దొరకవచ్చు, దొరకకపోవచ్చు. అదృష్టంగా నాకు దొరికినదాన్ని నిబంధనగా అందరికీ ఇవ్వమంటున్నాను.

డీజీసీఏ వారు సిలబస్‌లో రకం మార్పుతో కలిసిన కమాండ్ అప్‌గ్రేడ్‌ను ప్రత్యేక వర్గంగా గుర్తించాలి. అదే రకంలో అప్‌గ్రేడ్‌కు ఉన్న పర్యవేక్షణ సెక్టార్లకు కనీసం రెట్టింపు ఉండాలి. వాటిలో కొన్ని రాత్రివి, కొన్ని వర్షాకాలానివి, కొన్ని చిన్న రన్‌వేలవి కావాలి. అన్నీ ఒకే వారంలో ఒకే ఊరికి తిరిగి పూర్తి చేశామంటే లెక్కలోకి రాకూడదు. శిక్షణలో ఎక్కువ భాగం ఒకే ట్రైనర్‌తో సాగాలి, చివరి చెక్ మాత్రం ఆయన చేయకూడదు. ట్రైనర్ రాసిన సందేహం ఏదైనా ఉంటే, దానికి జవాబుగా ఏం చేశారో రాయనిదే ఫైలు ముందుకు కదలకూడదు. తైపే ఫైల్లో లేనిది అదే. కొత్త కెప్టెన్ 100 గంటలు నిండేదాకా కొత్త ఫస్ట్ ఆఫీసర్‌తో జత పడకూడదు. రకం మారే ముందు సమయం అడిగినవాళ్ల సీనియారిటీకి ఏడాది పాటు రక్షణ ఉండాలి.

దీనికి డబ్బు ఖర్చవుతుంది, ట్రైనర్ల గంటలు ఖర్చవుతాయి. ట్రైనర్ల కొరత ఉందని సంస్థలు చెబుతాయి, ఉంది కూడా. అలాగైతే ఒక బ్యాచ్‌లో తీసుకునేవాళ్ల సంఖ్య తగ్గించండి. పన్నెండు మందిని అరకొరగా తయారు చేసేకంటే ఎనిమిది మందిని పూర్తిగా తయారు చేయండి. మిగిలిన నలుగురికి ఈలోగా కుడి సీటు ఇవ్వండి, విమానం అలవాటవుతుంది, తర్వాత వాళ్ల కమాండ్ శిక్షణ త్వరగా అయిపోతుంది. నా లెక్కలో సంస్థకు పోయేది పెద్దగా ఏమీ లేదు.

కమాండ్ కోసం ఎదురుచూస్తున్న తమ్ముళ్లకు, చెల్లెళ్లకు ఒక మాట. రకం మారే అవకాశం వస్తే భయపడి వదులుకోకండి. టర్బోప్రాప్ నేర్పేది జెట్ నేర్పదు. కానీ సంతకం పెట్టే ముందు మూడు ప్రశ్నలు రాతపూర్వకంగా అడగండి: పర్యవేక్షణలో ఎన్ని సెక్టార్లు ఇస్తారు, మొదటి వానాకాలం ఎవరితో ఎగురుతాను, చాలదనిపిస్తే ఎవరికి చెప్పాలి. కెప్టెన్ అయ్యాక నోటీసు గడువు ఆరు నెలల నుంచి ఏడాదికి పెరుగుతుందని కూడా గుర్తుంచుకోండి. తర్వాత నచ్చకపోతే వెంటనే బయటపడే వీలుండదు. ఈ ప్రశ్నలు అడిగినందుకు ఎవరైనా మిమ్మల్ని పిరికివాళ్లంటే, ఆ మాట అన్నవాళ్ల పేరు కాదు, మీ ప్రశ్నే ఫైల్లో ఉండేలా చూసుకోండి.

వచ్చే వర్షాకాలానికి ముందే చాలా సంస్థల్లో అప్‌గ్రేడ్ పేర్లు ఖరారవుతాయి. సిలబస్ మార్చడానికి సమయం పడుతుందని తెలుసు. అయితే జత నిబంధన, సీనియారిటీ రక్షణ ఈ రెండింటికీ పెద్ద కసరత్తు అక్కర్లేదు. ఒక్క సర్క్యులర్ చాలు. ఆ రెండూ ఈ ఏడాదే ఇవ్వండి. మిగిలినవి రాయడానికి కమిటీ వేస్తే, లైన్‌లో రోజూ శిక్షణ ఇచ్చే ట్రైనర్లను, ఈ మధ్యే ఈ దారిలో కెప్టెన్లయిన ఇద్దరు ముగ్గురిని అందులో కూర్చోబెట్టండి. పిలిస్తే సెలవు రోజున సొంత ఖర్చుతో వస్తాను, నాతో పాటు వచ్చేవాళ్లు ఇంకా ఉన్నారు.

ఇట్లు,
హైదరాబాద్ బేస్ ఏటీఆర్ లైన్ ట్రైనింగ్ కెప్టెన్